శంషాబాద్ దాకా సిసిలీ

ఆ శనివారం ఉదయం రామాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు నార్సింగిలోని ఇంటి నుంచి రెండు పెట్టెలతో బయలుదేరాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ విమానాశ్రయం చేరి, గుమ్మం దాకా వెళ్ళి గడియారం చూసుకోవాలి. అక్కణ్ణించి వెనక్కి తిరిగి, పదింటికల్లా ఇంటికొచ్చి ఉప్మా తినాలి. విమానం ఎక్కే ఉద్దేశం ఏమాత్రం లేదు. ఎక్కవలసిన విమానం ఇంకా పన్నెండు రోజుల తరువాత, పదహారో తేదీన ఉంది.

రామాంజనేయులు హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం పద్దెనిమిదేళ్ళుగా అతని ఉద్యోగం. మొదట ఉద్యోగంగానే ఉండేది, తరువాత స్వభావమైంది, ఈమధ్య రోగంలోకి దిగింది. కొత్త కుక్కర్ కొంటే ఉత్త నీళ్ళతో మూడు విజిళ్ళు వేయించి గాని బియ్యం పెట్టనివ్వడు. పెళ్ళిచూపులకు ముందురోజే ఒకసారి అనంతపురంలో తన పుట్టింటి వీధి చివరిదాకా వచ్చి టైము చూసుకు వెళ్ళాడని భార్య ప్రియాంకకు పెళ్ళయిన ఆరేళ్ళకు తెలిసింది.

ప్రియాంక నిజాంపేటలో ఒక స్కూల్లో సోషల్ టీచరు. పదిహేనేళ్ళుగా ప్రాచీన గ్రీకుల పాఠం చెబుతోంది గాని, వాళ్ళు కట్టిన రాయిని ఒక్కదాన్నీ ముట్టుకున్న పాపాన పోలేదు. ఇటలీ కొసన ఉన్న సిసిలీ దీవికి వెళ్ళాలనీ, అక్కడ గ్రీకులు కొండను తొలిచి చేసిన నాటకశాల మెట్ల మీద కూర్చోవాలనీ ఆవిడ కోరిక. సంతలో నిలబడి వేయించిన అన్నం ఉండలు వేడివేడిగా తినాలి. అగ్నిపర్వతం వాలు మీద పండిన ద్రాక్షతో చేసిన వైను ఒక్క గ్లాసు, ఒకే ఒక్కటి, సముద్రం చూస్తూ తాగాలి. ఈ యాత్ర ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. మొదటిసారి వానల లెక్క కుదరలేదు. రెండోసారి అగ్నిపర్వతం కాస్త పొగ వదిలింది. మూడోసారి హోటలు గురించి జనం రాసిన అభిప్రాయాలు నాలుగు వేలూ చదవడం రామాంజనేయులుకు పూర్తికాలేదు. నాలుగోసారి ఆవిడ మొగుణ్ణి అడక్కుండా టికెట్లు కొనేసింది. వీసాలూ వచ్చాయి. ఇంక ఆపడానికి కారణం దొరక్క అతను డ్రై రన్, అంటే ఉత్తుత్తి ప్రయాణం, పెట్టాడు.

"ముందు ఒకసారి నడిపి చూడకుండా నేను దేన్నీ రిలీజ్ చేయను" అన్నాడు.

"మనం పోయేది ఊరికి. సర్వర్లోకి కాదు" అంది ప్రియాంక. అయినా, ఇది ఒప్పుకోకపోతే పదహారున కాలు కదపడేమోనన్న భయంతో చెప్పులు వేసుకుంది.

అతని జాబితాలో నలభై ఒక్క అంశాలున్నాయి. ఏడో అంశం, వాచ్‌మన్‌కు తాళంచెవి అప్పగించుట. పరీక్ష అంటే అచ్చం అసలులాగే జరగాలన్నది రామాంజనేయులు సిద్ధాంతం. అందుకని గేటు దగ్గర రాజేందర్ చేతికి తాళంచెవి ఇచ్చి, పదహారున ఏం చెప్పాలనుకున్నాడో అదే చెప్పాడు: ఇటలీ, తొమ్మిది రోజులు. రాజేందర్ పెట్టెలు రెండూ అద్దె కారులో పెట్టి, "మంచిగ పోయి రాండ్రి సార్. ఇల్లు నేను చూస్కుంట" అన్నాడు. అతను మాట మీద నిలబడే మనిషి. కారు మలుపు తిరగకముందే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ లక్ష్మీనారాయణకు ఫోను చేసి సంగతి చెప్పేశాడు.

విమానాశ్రయానికి ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో చేరారు. రామాంజనేయులు ఆనందంగా అది రాసుకుంటుండగా వెనక నుంచి ఎవరో పిలిచారు. చూస్తే అతని మేనేజర్ నతానియేల్. తల్లి రూతమ్మను విశాఖపట్నం విమానం ఎక్కించడానికి వచ్చాడు.

"ఏమండీ, మీ లీవు పదహారు నుంచి కదండీ?" అన్నాడు పెట్టెలు చూసి.

ఇక్కడ నిజం చెప్పడానికి పెద్ద కష్టమేమీ లేదు. కానీ ఆఫీసులో పదిమంది తప్పులూ పట్టి పేరు తెచ్చుకున్నవాడు, ఊరికే విమానాశ్రయం చూసి పోదామని వచ్చానని మేనేజర్‌తో ఎలా అంటాడు? పైగా పొద్దున్నుంచీ ఒకటే మాట అలవాటు చేసుకున్న నోరాయె. "ఇటలీ సార్, తొమ్మిది రోజులు. ముందుకు జరిపాం" అనేసింది.

నతానియేల్ చాలా మంచివాడు. ఈ కథలో కష్టాలన్నీ మంచివాళ్ళ వల్లే వచ్చాయి. ఇన్నేళ్ళలో మీరు వరసగా రెండు రోజులు లీవు పెట్టగా చూడలేదండీ అంటూ మెచ్చుకుని, అక్కడికక్కడే ఫోను తీసి పదహారు నాటి లీవును ఆరోజు నుంచే ఉండేట్టు మార్చేశాడు. ప్రియాంక మొగుడి మోచేతిని గట్టిగా గిల్లి, నిజం తానే చెబుదామని నోరు తెరిచింది. అంతలో రూతమ్మ ఆవిడ తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

దేవా, ఈ బిడ్డల ప్రయాణాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను అని మొదలుపెట్టి, విమానాన్నీ, నడిపేవాణ్ణీ, మధ్యలో దాటే సముద్రాలనూ పేరుపేరునా అప్పగించింది. పోలీసు ఈల వేసి పక్కకు జరగమనే దాకా ప్రార్థన సాగింది. అంత ప్రార్థన అయ్యాక మేము ఎక్కడికీ పోవడం లేదని చెప్పడానికి ప్రియాంకకు కూడా నోరు రాలేదు. ఆమెన్ అంది. నతానియేల్ చెయ్యి ఊపుతూ నిలబడితే, దంపతులిద్దరూ గేటు ముందు పాస్‌పోర్టులు వెతుక్కుంటున్నట్టు పావుగంట నటించారు.

తిరుగు దారిలో రామాంజనేయులు ఫోను ఆగకుండా మోగింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో లక్ష్మీనారాయణ వార్త పెట్టాడు. యాభై మంది పూలూ, దేవుళ్ళ బొమ్మలూ వేసి శుభయాత్ర చెప్పారు. వాటి కింద ఒక ఫోటో ఉంది. అందులో తవ్వి పోసిన నేల, పగిలిన నీలం టైల్స్ కనిపించాయి. ఆ టైల్స్ తమ బాత్రూమువే.

లక్ష్మీనారాయణ వాళ్ళ కింది ఇంట్లోనే ఉంటాడు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయని మూడు నెలలుగా మొత్తుకుంటున్నాడు. మూలకారణం తేలందే తవ్వనివ్వనని రామాంజనేయులు భీష్మించుకున్నాడు. చివరికి విసుగెత్తి, మేము ఊళ్ళో లేనప్పుడు చేసుకోండి అని ఒక మాట అన్నాడు. ఇప్పుడు ఫోను చేస్తే అదే మాట వినిపించింది.

"మీరు లేనప్పుడు తవ్వుకొమ్మన్నరు గద సార్, తవ్వినం. నాలుగు దినాలు కాలు వెట్టొద్దంటున్నడు మేస్త్రీ. నీళ్ళ నల్ల గూడ బంద్ వెట్టినం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, విమానం ఎక్కుండ్రి."

ఇటలీకి పోయినవాడు మూడు గంటల్లో తిరిగొస్తే వాచ్‌మన్‌కు ఏం చెప్పాలన్నది నలభై ఒక్క అంశాల్లో లేదు. కారు గేటు దాకా వచ్చి, ఆగకుండా గచ్చిబౌలి వైపు తిరిగింది. స్టేడియం దగ్గర ఒక హోటల్లో గది తీసుకున్నారు. మధ్యాహ్నం పక్కనే ఉన్న మాల్‌లో, మధ్యధరా సముద్ర తీరపు భోజనం అని రాసి ఉంటే తిన్నారు. ఉడికిన శనగలు, నాలుగు ఆలివ్ కాయలు, ఒక పుల్లటి పెరుగు. ప్రియాంక ఆలివ్ కాయలు నాలుగూ తనే తినేసింది. రాత్రి పొద్దుపోయాక గ్రూపులో ఫోటోలు పెట్టమని ఒత్తిడి వస్తే రామాంజనేయులు ఆ గిన్నె ఫోటో పెట్టాడు. వెనక బైక్ టాక్సీ వాడి హెల్మెట్ పడింది. అక్కడ కూడా అదే కంపెనీ ఉందా అని ఎవరో అడిగారు. ఉంది అని జవాబిచ్చాడు.

"ఇప్పటికన్నా మీ సార్‌కు ఫోన్ చేసి నిజం చెప్పండి. లీవు పోతే నా యాత్ర పోతుంది" అంది ప్రియాంక. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. అది విని రామాంజనేయులు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కానీ ఫోనులో చెబితే మాట తడబడుతుందని మెయిల్ రాయడానికి కూర్చున్నాడు. రాసింది సరిచూశాడు. సరిచూసింది మార్చాడు. ఆదివారమంతా అదే పని. ఆలస్యం అమృతం విషం అన్నది ఎవరికి వర్తించినా వర్తించకపోయినా టెస్టింగ్ వాళ్ళకు బాగా వర్తిస్తుంది. సోమవారం పదకొండింటికి మెయిల్ పంపబోతుంటే, నతానియేల్ నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది: రామాంజనేయులు గారి ప్రయాణం ముందుకు జరిగినందువల్ల, పదహారున ఆయన అందుబాటులో ఉంటారు కనుక, ఈనెల ప్రోగ్రాము రిలీజ్ పదహారుకు నిర్ణయించడమైనది. క్లయింటుకు తెలియజేయడమైనది.

అతను ఉన్నపళంగా హైటెక్ సిటీకి పరిగెత్తి, మేనేజర్ గదిలో తలుపు వేసి, ఉప్మా దగ్గర్నుంచి బాత్రూము దాకా చెప్పుకున్నాడు. నతానియేల్ చాలాసేపు నవ్వలేదు. తరువాత కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

"లీవు మీకు తిరిగి వేయించగలనండీ. రిలీజ్ తేదీ మాత్రం మార్చలేను. సంతకం పెట్టవలసింది మీరే. మీరు లేకుండా రిలీజ్ చేయకూడదని రూలు రాసింది కూడా మీరేనండీ" అన్నాడు.

ఆ రాత్రి హోటల్ గదిలో రామాంజనేయులు తల వంచుకుని, యాత్ర వచ్చే ఏడాదికి పెట్టుకుందామన్నాడు. అన్నాక ఏడుపుకో అరుపుకో సిద్ధపడ్డాడు. ప్రియాంక రెండూ చేయలేదు. లేచి, రెండు పెట్టెల్లో చిన్నదాన్ని ముందుకు లాగి, అందులోంచి అతని చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

"నేను పోతా. ఒక్కదాన్నే. దారి మీరు చూపించారు కదా, ముప్ఫై ఎనిమిది నిమిషాలు" అంది.

అతను వద్దనడానికి సాకు వెతికాడు. తప్పు ఎక్కడా దొరకలేదు.

బుధవారం ఇంటికి చేరారు. తొమ్మిది రోజులని పోయి అయిదోరోజుకే, ఎడమొగం పెడమొగంగా దిగిన దంపతుల్ని చూస్తూ రాజేందర్ పెట్టెలు మోశాడు. పదహారున ఉదయం ప్రియాంక ఒక్కతే చిన్న పెట్టెతో కారెక్కింది. రామాంజనేయులు గేటు దగ్గర నిలబడి, కారు కనుమరుగయ్యే దాకా చూసి, కళ్ళు తుడుచుకుని ఆఫీసుకు వెళ్ళాడు. రాజేందర్ అదీ చూశాడు.

మూడోరోజు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో ప్రియాంక రాతిమెట్ల మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. ఇంకోదాంట్లో వెనక సముద్రం, చేతిలో గ్లాసు. ఆవిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వడం రామాంజనేయులు పెళ్ళి ఆల్బంలో కూడా చూడలేదు. చాలా సంతోషపడ్డాడు. ఆ వెంటనే కుళ్ళుకున్నాడు. ఆ పక్క మెట్టు మీద తాను కూర్చోవలసింది కదా అని చివరికి సిగ్గుపడ్డాడు. ఇంత నిజమైన ఫోటో చేతికొచ్చాక ఊరుకోలేక, గ్రూపులో పెట్టి, మా ఆవిడ సిసిలీలో అని గర్వంగా రాశాడు.

పది నిమిషాల్లో లక్ష్మీనారాయణ డబ్బాలో అన్నం, పప్పు పట్టుకుని పైకొచ్చాడు. కుర్చీ దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి, మేడం పుట్టింట్లో బాగానే ఉన్నారా అని అడిగాడు. లేదు, ఇటలీలో ఉందని రామాంజనేయులు చెప్పాడు. నమ్మలేదు. దాంతో ఆ నెలలో రెండోసారి అన్నీ ఉన్నవి ఉన్నట్టు, తాళంచెవి దగ్గర్నుంచి ఆలివ్ కాయల దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. లక్ష్మీనారాయణ అంతా ఓపిగ్గా విని, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పెట్టెలు వట్టుకొని శంషాబాద్ దాక పోయి, ఊకెనే వాపస్ వచ్చిన్రా? గిది ఎవరన్న నమ్ముతరా సార్? ఇటలీల ఏదో లొల్లి అయింది, మాకు సమజైతది. ఆ ఫోటోలు గూడ మొన్నటియే గద. జర ధైర్యంగ ఉండుండ్రి. మేమున్నం."

ఆదివారం జరిగిన అసోసియేషన్ మీటింగులో లిఫ్టు మరమ్మతు రెండో అంశం, రామాంజనేయులు కాపురం మొదటిది.