పెద్దగుంత పక్షాన ఆరు బిందెలు

ఆ రోజు పొద్దున హనుమంతరాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరు ఖాళీ బిందెలు తీసుకుపోయి బడి ఆవరణలో వేపచెట్టు కింద వరుసగా పెట్టాలి. పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి తన ఉగ్గాని అంగట్లో కూర్చోవాలి. అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి ఒక్క కోడిని కూడా తొక్కించని మనిషి, ఆరు బిందెలతో ఊరు ఊరంతటినీ తన మీదికి తెచ్చుకుంటాడని ఎవరనుకుంటారు?

గుట్టకిందపల్లి ముదిగుబ్బ మండలంలో హైవే మలుపు మీద ఉంది. ఆ మలుపులో ఒక గుంత ఉంది. ఊళ్ళో దాన్ని పెద్దగుంత అంటారు. ఎన్నిసార్లు పూడ్చినా వానకు మళ్ళీ తెరుచుకునేది. వాన పడని ఏడాది, అంటే ఇక్కడ చాలా ఏళ్ళు, ఊరకే తెరుచుకునేది. ఎంత వేగంగా వచ్చిన బస్సయినా అక్కడ నడకకు దిగాల్సిందే.

ఒకప్పుడు రోడ్డుకు రెండు పక్కలా గుట్ట దాకా వేరుశనగ పచ్చగా పరుచుకుని ఉండేది. బస్సు నెమ్మదించగానే పచ్చికాయల వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. రామాంజినమ్మ అనే పిల్ల ఉడకబెట్టిన కాయల గంప ఎత్తుకుని బస్సు వెంట నడుస్తూ అమ్మేది. కదిరి చేరేసరికి బస్సు నిండా పొట్టే. కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రైవరు హనుమంతరాయుడు ఆ గుంత దగ్గర అవసరమైన దానికన్నా చాలా నెమ్మదిగా పోయేవాడు. కండక్టరు టైమైపోతోందని నెత్తి కొట్టుకునేవాడు. మూడో ఏడు ఆ ఇద్దరికీ పెళ్ళయింది. ఆ చేలల్లో ఇప్పుడు సగం బీళ్ళు, బోర్లు ఎండిపోయాయి, ఆ వాసన తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. గుంత ఒక్కటే అలాగే ఉంది. రిటైరయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ దాని పక్కనే ఉగ్గాని, బజ్జీల అంగడి పెట్టుకున్నారు. బస్సులు నెమ్మదించేది అక్కడే కనుక జనం దిగి తినేదీ అక్కడే.

ఇప్పుడా బతుకు మీదికే వచ్చింది ముప్పు. ఊరు ఒప్పుకుని ఇంటి పన్నుకు తోడుగా అదనపు పన్ను కడితే ఈ ఏడాదే మలుపు తీసేసి రోడ్డు వెడల్పు చేస్తారట. ఒప్పుకోకపోతే మూడేళ్ళ తరువాత, వంతు వచ్చినప్పుడు. ఆ సంగతి తేల్చడానికే ఆ రోజు బడిలో గ్రామసభ.

ముందురోజు అంగట్లో ఐచర్ లారీ ఓబన్న బజ్జీ కొరుకుతూ, "కడితే ఏమైతాది డ్రైవరన్నా? తాడిపత్రి నుంచి బండలు తెస్తాండా. లోడుకు నాలుగు నీ గుంతలోనే పగులుతాండాయి. ఆ నష్టం ముందర పన్నెంతప్పా?" అన్నాడు.

"రోడ్డేసేది గవర్నమెంటు పని. ఇంటి పన్ను కడతాండాం, డీజిలు మీద కడతాండాం. బిరీన కావాలంటే ఇంకోటి కట్టల్లనా? రేపు వాన బిరీన పడల్లన్నా కట్టమంటారు!" అని లేచాడు హనుమంతరాయుడు.

"వానకైతే నేను ఈ పొద్దే కడతా," అన్నాడు ఓబన్న.

హనుమంతరాయుడి మాటలో న్యాయం లేకపోలేదు. కానీ కడుపులో ఉన్న భయం వేరు. రోడ్డు సాఫీ అయితే బస్సెందుకు ఆగుతుంది?

సభకు రెండు వరుసలని పంచాయతీ కార్యదర్శి చంద్రిక ముందే చెప్పింది. ఒప్పుకునేవాళ్ళు బడి గోడ పక్కన, ఒప్పుకోనివాళ్ళు వేపచెట్టు కింద నిలబడాలి. కొత్త పిల్ల, కలుపుగోలు మనిషి. ఆమెకు సాయం చేస్తున్నట్టు అట్టలు కట్టి, "ఒప్పుకోము" అట్టను నీడలో తగిలించింది మన డ్రైవరే. అక్కడికి తోడు ఆరు బిందెలు. మే నెలలో ఆ ఊరికి ట్యాంకరు మూడు రోజులకోసారి, అదీ ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తుంది. వరుసగా బిందెలు కనిపిస్తే ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అక్కడ ఎవరూ అడగరు. ఇంటికి పరుగెత్తి తమ బిందె తెచ్చి వెనక పెడతారు. పెట్టాక ఇక కదలరు, కదిలితే వరుస పోతుంది. సభ మొదలయ్యే వేళకు వేపచెట్టు కింద నలభై మంది ఉంటే చాలు, పెద్దగుంత పదికాలాలు చల్లగా ఉంటుంది.

"బిందెలెందుకయ్యా?" అని అడిగింది రామాంజినమ్మ, ఉగ్గానికి బొరుగులు నీళ్ళల్లో నానేస్తూ.

ఉన్నమాట చెప్పి ఉంటే పోయేది. "ట్యాంకరు బడికాడికి వస్తాదంట," అన్నాడు.

ఆమె బొరుగులు అక్కడే వదిలేసింది. వీధిలో నలుగురికి చెప్పింది. ఆ నలుగురూ ఫోన్లు తీశారు. పక్కనున్న కొట్టాల వాళ్ళకూ కబురు పోయింది, వాళ్ళదీ అదే పంచాయతీ. ఎనిమిదింటికి వేపచెట్టు కింద ముప్పై ఎనిమిది మంది బిందెలతో నిలిచారు. అందరికన్నా ముందు ఆ ఆరు బిందెలతో రామాంజినమ్మే నిలబడింది. హనుమంతరాయుడు దూరం నుంచి చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

ఎనిమిదిన్నరకు వేపచెట్టు దగ్గర చోటు అయిపోయింది. వరుస జెండా కర్ర దగ్గర మలుపు తిరిగి, బడి గోడ వెంబడి పెరగడం మొదలుపెట్టింది. అదే గోడకు "ఒప్పుకుంటాము" అట్ట వేలాడుతోంది. హనుమంతరాయుడి మీసం మీది చెయ్యి జారిపోయింది. పరుగెత్తాడు.

"ఏమప్పా, ఎండలో ఎందుకు నిలబడతారు? ఇట్ల రాండి, ఈడ నీడుండాది!" అని గోడ పక్కన ఉన్న బిందె ఒకటి పట్టుకుని చెట్టు వైపు లాగాడు.

"ఓయ్ డ్రైవరన్నా! మా వెనకోళ్ళను ముందుకు చొరబెడతాండావా? నీ పెండ్లాం ఆరు బిందెలు పెట్టింది చాలదా?" అని నలుగురు ఆడవాళ్ళు మీదికొచ్చారు. వరుస చెదరగొడుతున్నాడని మాట పుట్టింది. దాంతో జనం బిందెలను మరింత గట్టిగా పట్టుకున్నారు.

తొమ్మిదింటికి వచ్చిన చంద్రికకు ఆ జనాన్ని చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె పెట్టిన గ్రామసభకు ఎన్నడూ పదకొండు మందికి మించి రాలేదు. "ఎంత చైతన్యం సార్!" అంది హనుమంతరాయుడితో. బిందెల మీదికి ఆమె చూపే పోలేదు.

రోడ్ల ఇంజనీరు జయచంద్ర తొమ్మిదిన్నరకు రావలసింది, పదిన్నరకు వచ్చాడు. జీపు పెద్దగుంతలో కూలబడితే ఓబన్న లారీ ఎక్కి దిగాడు, ఒంటినిండా దుమ్ముతో. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. ఆ బొప్పి తడుముకుంటూ, "ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి, లెక్కపెట్టుకుంటాను," అన్నాడు. ఎవరూ కదిలే ఉద్దేశంలో లేరు. చెట్టు కింద ముప్పై ఎనిమిది, గోడ పక్కన తొంభై నాలుగు.

"సార్! అది ఓట్ల వరుస కాదు సార్, నీళ్ళ వరుస!" అని అరిచాడు హనుమంతరాయుడు.

"నీళ్ళా?" అంది చంద్రిక. "ఈ రోజు ట్యాంకరు లేదే?"

నూట ముప్పై రెండు మొహాలు ఆయన వైపు తిరిగాయి. తప్పించుకునే దారి లేదు. "నేనే పెట్టినా బిందెలు," అన్నాడు నేలచూపులు చూస్తూ. "గుంత పోతే నా అంగడి పోతాదని. మీరు చెట్టుకింద నిలబడితే చాలనుకుంటి."

కూలి మానుకుని నిలబడ్డ జనం. తిట్లు వానలా పడ్డాయి. ఆ ఊరికి ఆ ఏడాది అదే పెద్ద వాన. చంద్రిక రెండు చేతులూ ఎత్తి, "సరే, ఇప్పుడు తెలిసింది కదా. ఎవరికి ఇష్టమైన చోటికి వాళ్ళు పోండి, మళ్ళీ లెక్కపెడతాం," అంది.

ఆశా కార్యకర్త కృపాకుమారి చెట్టుకింద నుంచి బిందె తీసుకుంది. "డ్రైవరన్నా, నీ ఉగ్గాని నాకూ ఇష్టమే. పోయిన నెల కాన్పు మనిషిని ఆటోలో తీసకపోతాంటే, ఆ గుంత కాడ ఆ పిల్ల పెట్టిన కేక నా చెవిలో ఇంకా ఉండాది. తల్లీ బిడ్డా బతికినారు గానీ, మూడేండ్లు ఆగమంటే నేను ఆగలేను. ఒక పూట కూలి పోతే పోనీ, పన్ను కడతా," అని గోడ పక్కకు పోయింది. ఆమె వెనక ఒక్కొక్కరే వెళ్ళారు. చివరికి చెట్టుకింద మిగిలింది రామాంజినమ్మ, ఆమె ఆరు బిందెలు.

హనుమంతరాయుడు చెట్టుకిందికి వచ్చి ఆమె వంక ఆశగా చూశాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గుంత కోసరం నిలబడమంటే నిలబడనా నేను? ఊరంతా ఆ పక్కకు పోయినా ఈడే ఉంటాంటి. ఆ బస్సు నీకొక్కడికేనా గుర్తుండేది? నాతో గూడా అబద్ధమాడితివే!" అంటూ, ఒకటొకటిగా ఆరు బిందెలూ మోసి గోడ పక్కన పెట్టి, అక్కడే నిలబడింది. ఆరుసార్లు ఆయన ముందు నుంచే నడిచింది, ఒక్కసారీ మొహం చూడలేదు.

ఏకగ్రీవమని రాసుకున్నాడు ఇంజనీరు. చెట్టుకింద ఉన్న ఒక్కడిని లెక్కలోకి తీసుకోవాలా అని చంద్రిక అడిగితే, హనుమంతరాయుడే వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. మాట్లాడింది మాత్రం మూడో రోజున.

నెల తిరగక ముందే పనులు మొదలయ్యాయి. మలుపు దగ్గర డెబ్భై మంది కూలీలు డేరాలు వేసుకున్నారు. ఒకవైపు రోడ్డు మూసేసి వచ్చే బండిని, పోయే బండిని చెరో పావుగంట ఆపుతున్నారు. ఆగిన బస్సుల్లోంచి జనం దిగుతున్నారు, ఆకలితో దిగుతున్నారు. పొద్దున తొమ్మిదింటికల్లా ఉగ్గాని అయిపోతోంది. రామాంజినమ్మ రెండో పొయ్యి పెట్టింది, బజ్జీలకు మనిషిని పెట్టింది. పెద్దగుంత మట్టుకు మొదటి వారమే పూడిపోయింది. రాళ్ళు పోస్తుంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్కన నిలబడి చివరి తట్ట దాకా చూశారు.

రోడ్డు తొందరగా పూర్తి కావాలని పంచాయతీలో అందరికన్నా ముందు పన్ను కట్టి, ఆ రోడ్డు పని ఎప్పటికీ తెమలకూడదని గూగూడు పీర్లచావిడిలో కుళ్ళాయప్ప స్వామికి చక్కెర చదివించి మొక్కుకున్న మనిషి జిల్లా మొత్తం మీద హనుమంతరాయుడు ఒక్కడే.