ఓటమి కావలెను

దేవుడి ముందు నిలబడి ఏమడగాలన్న సందేహం నన్ను ఇరవై ఏళ్లుగా తొలుస్తూనే ఉంది. ఆయనకు అన్నీ తెలుసు కదా, మళ్లీ చెప్పడం ఎందుకు? పోనీ చెప్పకపోతే, ఇంతమందిలో నన్ను మరచిపోతాడేమో! ఈ రెంటి మధ్యా ఊగిసలాడుతూ, రోజూ దీపం వెలిగించి, కళ్లు మూసుకుని, ఏమీ అడక్కుండానే కొట్టుకెళ్లి కళ్లజోళ్లు అమ్ముకునేవాణ్ణి.

ఆ సందేహం మా అమ్మాయి చదివే స్కూలు తీర్చింది. అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను: పిల్లల్ని పెద్ద కాలేజీలకు తయారుచేసే ప్రైవేటు బడిని మించిన వరం ఈ భూమ్మీద లేదు! దేవుణ్ణి ఏమడగాలో కూడా వాళ్లే ప్రింటు తీసి ఇంటికి పంపిస్తారు.

నవ్వకండి. పొద్దున ఏడున్నరకు గేటు లోపలికి వెళ్లిన పిల్ల సాయంత్రం ఆరున్నరకు బయటికొస్తుంది. మధ్యలో ఉండేవి పాఠాలే అనుకుంటే మీరు పాతకాలం మనిషి! డిబేట్ క్లబ్బు, రోబో క్లబ్బు, మొక్కలు నాటే క్లబ్బు, నాటిన మొక్కలకు నీళ్లు పోసే క్లబ్బు. ఇది వేరు, దీని ప్రెసిడెంటూ వేరు. తరగతిలో ఇరవై ఆరుగురు పిల్లలుంటే ఇరవై ఏడు ప్రెసిడెంటు పదవులున్నాయి. ఊరికే కూర్చోవడానికి కూడా వారానికో పీరియడ్ ఉంది. ఎలా కూర్చోవాలో చెప్పడానికి కోచ్ ఉన్నాడు. మా కాలంలో కోచ్ లేకుండా కూర్చున్నాం, అందుకే ఇలా తగలడ్డాం.

ఇంత వైభవంలో ఒకనాడు కౌన్సిలర్ మేడమ్ నుంచి పిలుపొచ్చింది. పిల్లల కాలేజీ అప్లికేషన్లు చూసేది ఆవిడే. మా అమ్మాయి ఫైలు తిరగేసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు నిట్టూర్చింది.

"అన్నీ ఉన్నాయండీ. ఓటమే లేదు."

"ఏం లేదన్నారూ?"

"'నేను ఓడిపోయి నేర్చుకున్నది' అని వ్యాసం రాయాలి. అది లేకుండా కాలేజీవాళ్లు ఫారం ముట్టుకోరు. మీ అమ్మాయి ఎందులోనూ ఓడిపోలేదు. ఇన్నేళ్లూ ఏం చేస్తున్నారండీ మీరు?"

సిగ్గుతో చచ్చిపోయాను. కన్నతండ్రినై ఉండి బిడ్డకు ఒక్క ఓటమి అమర్చలేకపోయాను! మేడమ్ దయగల తల్లి. నెల గడువిచ్చి, ఓడిపోదగ్గ పోటీల జాబితా కూడా చేతిలో పెట్టింది.

మర్నాడు దీపం ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి తడబడకుండా కోరుకున్నాను: "స్వామీ, నా బిడ్డను ఓడించు."

వెనక నుంచి మా ఆవిడ వినేసింది.

"మతిగానీ పోయిందా మీకు? పగవాళ్లు కూడా అలా కోరుకోరు!"

"స్కూలువాళ్లు కోరమన్నారే."

"అయితే గట్టిగా కోరండి మరి, ఆ గొణుగుడేంటి?"

ముందు పరుగు పందెంలో చేర్చాం. తీరా చూస్తే పరుగెత్తే ఎనిమిది మందీ మా బడివాళ్లే, అందరి దగ్గరా అదే జాబితా! జెండా ఊపారు. ఒక్కరూ కదల్లేదు. "ముందు నువ్వెళ్లవే." "అబ్బే, నువ్వే వెళ్లు." గట్టు మీద నుంచి తండ్రులమంతా గొంతులు చించుకున్నాం: "నెమ్మదిగా తల్లీ! ఇంకా నెమ్మదిగా!" పావుగంటయ్యాక, పొద్దున తాగిన చెంబెడు నీళ్లకు ఓర్చుకోలేక మా అమ్మాయి బాత్రూం వైపు పరుగు తీసింది. ఆ దిక్కుమాలిన బాత్రూం గెలుపు గీతకు అవతల ఉంది.

బంగారు పతకం! తక్కిన ఏడు కుటుంబాలూ సంబరపడ్డాయి. మేం మాత్రం ముక్కులు చీదుకుంటూ ఇల్లు చేరాం.

పాటల పోటీలో అపశ్రుతులన్నీ ఏరి ఏరి పాడింది. "ఎంత సాహసం!" అని జడ్జి ప్రత్యేక బహుమతి ఇచ్చాడు. బొమ్మల పోటీలో తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. అదిప్పుడు ప్రిన్సిపాల్ గదిలో ఫ్రేములో వేలాడుతోంది.

"నాన్నా, నువ్విక ఊరుకో. నేనే రాసుకుంటా" అని మా అమ్మాయి తలుపేసుకుంది.

వ్యాసం మేడమ్ దగ్గరికి వెళ్లి, ఎర్ర సిరాతో నా చేతికి వచ్చింది. అందులో ఇలా ఉంది:

"కదిలిపోతున్న బస్సును నాన్న రెండు వేళ్లు నోట్లో పెట్టి ఒక్క ఈలతో ఆపేశాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆదివారం నేర్పిస్తానని మాటిచ్చాడు. ఆ ఆదివారం లెక్కల క్లబ్బు వచ్చింది. పై ఆదివారం డిబేట్. ఇప్పుడు నాకు పదిహేడు. అద్దం ముందు ఎన్నోసార్లు ప్రయత్నించాను, గాలి తప్ప ఏమీ రాలేదు. దీన్నుంచి ఏం నేర్చుకున్నానో నాకు తెలీదు."

కింద మేడమ్ ఇలా రాసింది: "ఓటమి బాగుంది. తర్వాత గెలుపు లేదు. నలభై గంటల ఈల కోచింగ్ ఇప్పించి, సర్టిఫికెట్, రెండు ఫోటోలు శనివారంలోగా జతచెయ్యండి. లేదంటే ఫైలు పంపలేం. ఈల క్లబ్బు పెడితే ప్రెసిడెంటు పదవి పరిశీలిస్తాం."

చూశారా ముందుచూపు! ఇంతటి బడి ఎక్కడైనా ఉందా? నేనా కాగితం కొట్లోనే నాలుగుసార్లు చదివాను. ఎందుకో కళ్లజోడు నాలుగుసార్లూ తుడుచుకోవలసి వచ్చింది. అద్దాల వ్యాపారంలో దుమ్మెక్కువ లెండి.

శనివారం వ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టే కవర్లో పెట్టి మేడమ్ బల్ల మీద వదిలేశాను. సర్టిఫికెట్టు లేదు, ఫోటోలూ లేవు. భారం దేవుడి మీద వేసి, నీళ్లు పోసే క్లబ్బులోంచి అమ్మాయిని లాక్కొచ్చి మేడ మీద నిలబెట్టాను.

"మరి మొక్కలకు నీళ్లో నాన్నా?"

"ఒక్కపూటకి చావవులే. నాలుక వెనక్కి మడువు. వేళ్లు ఇలా పెట్టు. ఊదు."

గాలి. ఉమ్మంతా నా మొహాన పడింది.

"నువ్వు చేసి చూపించు!"

ఊదాను. నాకూ గాలే.

"అయ్యో, నీకూ రావట్లేదు!" అని కడుపు పట్టుకుని నవ్వింది.

బట్టలు తీస్తున్న మా ఆవిడ, "తండ్రికి తగ్గ కూతురే, ఇద్దరూ కలిసి మేడ కడిగేస్తున్నారు" అంది.

ఎన్నిసార్లు ఊదామో ఎవరు లెక్కపెట్టారు? నాకు మెల్లగా పాత పట్టు దొరికింది. ఆ తర్వాత కాసేపటికి మా అమ్మాయి నోట్లోంచి, పిల్లి తోక తొక్కినట్టు, సన్నగా ఒక కూత వచ్చింది. వీధిలో బస్సేమీ ఆగలేదు గానీ, పోతున్న కుక్క ఒకటి నిలబడి తలెత్తి చూసింది.

"ఆగింది నాన్నా, ఆగింది!"

అప్పుడే జేబులో ఫోను మోగింది. కౌన్సిలర్ మేడమే అయ్యుంటుంది. ఎత్తకుండా ఉంటానా? బడంటే నాకెంత భక్తో మీకు తెలుసు. కానీ ఏం చెయ్యను, రెండు చేతుల వేళ్లూ నోట్లో ఉన్నాయి!