ఈ బండి కరెంటుది

పక్కింటి విచిత్ కొత్త కారుతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అది చప్పుడు చెయ్యదు. ఇన్నాళ్లూ అతని పాత డీజిల్ ట్రక్కు పొద్దున్నే దగ్గేది, ఆ దగ్గుకి బూన్‌సోంగ్ లేచేవాడు. ఇప్పుడు విచిత్ కరెంటు కారులో పిల్లిలా జారుకుంటున్నాడు. బూన్‌సోంగ్ రోజూ డ్యూటీకి ఆలస్యం.

ఇద్దరిదీ రయోంగ్ ఊళ్లో ఒకే జపాను కార్ల ఫ్యాక్టరీలో పని. బూన్‌సోంగ్‌ది ఇంజన్ల షెడ్డు. కొత్తగా పెడుతున్న బ్యాటరీల షెడ్డుకి మేస్త్రీ పదవి మీద ఇద్దరికీ కన్నుంది. అందరి నోటా విచిత్ పేరే.

"పొగ లేదు, మసి లేదు. వాళ్లావిడ హాయిగా తెల్లబట్టలు ఆరేసుకుంటోంది" అని భార్య లమ్యై నిట్టూర్చింది.

బూన్‌సోంగ్ విసురుగా లేచాడు. తన నల్ల డీజిల్ ట్రక్కు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అతని పుట్టినవారానికి నలుపు పడదని, 'ఈ బండి పసుపు రంగుది' అని స్టిక్కరు అంటించి ఉంది. ఊళ్లో సగం బండ్లకి అంతే. గ్రహాలు చదువుకుని సర్దుకుపోతాయి.

"గ్రహాలే నమ్ముతుంటే విచిత్‌గాడెంత!" అని పక్కనే ఇంకోటి అంటించాడు. 'ఈ బండి కరెంటుది.'

"కరెంటు బండిలో డీజిల్ పోస్తే నా ఉద్యోగం ఊడుద్ది అన్నా!" అని బంకులో అమ్మాయి పైపు వెనక్కి లాక్కుంది. బజారులో కాపలావాడు ఈల వేసి మరీ ఛార్జింగు పెట్టేచోట నిలబెట్టించి, వైరు ఎక్కడ గుచ్చాలో తెలియక బండికి ప్రదక్షిణలు చేశాడు. చివరికి చుక్క డీజిల్ లేక ట్రక్కు సరిగ్గా ఫ్యాక్టరీ గేటుకి అడ్డంగా ఆగిపోయింది. వెనకే పెద్ద మేనేజరు ఒగావా గారి కారు.

ఆయన దిగి, స్టిక్కరు కూడబలుక్కుని చదివాడు. "ఇది నీ బండేనా?"

"అవునండీ. ఇప్పుడే పీకేస్తానండీ."

"కరెంటుతో నడవాలని కోరుకున్నావా?"

బూన్‌సోంగ్ భయంకొద్దీ తలూపాడు. ఒగావా కళ్లు చెమర్చాయి. నడుం వంచి నమస్కరించాడు. "మీ వాళ్ల మనసులు మార్చమని జపాను నుంచి ఏళ్లతరబడి నన్ను తింటున్నారయ్యా. మారిన మనసు ఇవాళే చూశాను."

మర్నాడు డ్యూటీకి ముందు ఫ్యాక్టరీలో రోజూ చేయించే కసరత్తులో, అందరి చేతులూ గాల్లో ఉండగా, బూన్‌సోంగ్‌ని మేస్త్రీగా ప్రకటించారు. విచిత్‌ని ఇంజన్ల షెడ్డుకి తోలారు.

ఆ వారమే ఆస్ట్రేలియా నుంచి డీజిల్ ట్రక్కులకి ఆర్డర్లు పోటెత్తాయి. ఇంజన్ల షెడ్డులో రెట్టింపు ఓవర్‌టైము. బ్యాటరీల షెడ్డుకి ఇంకా సున్నం వేస్తున్నారు. మేస్త్రీ గారు గోడలు ఆరుతున్నాయో లేదో చూస్తున్నారు.

"చేతులు ఒకటే మసి అన్నా! వదిన దగ్గర సబ్బుందేమో అడుగు" అన్నాడు విచిత్ ఇంటి ప్రహరీగోడ మీంచి పళ్లికిలిస్తూ. అతని కరెంటు కారు వెనక కొత్త స్టిక్కరు మెరుస్తోంది. 'ఈ బండి డీజిల్‌ది.'

బూన్‌సోంగ్‌కి ఆ రోజు నుంచి నిద్ర లేదు. డ్యూటీకి మాత్రం వేళకే వెళుతున్నాడు.

వాళ్ల ఎదురింట్లో ఉండేది నేనే. నాది సైకిలు. దానికి ఏమని అంటించమంటారో కాస్త మీరే చెప్పండి బాబూ.