యలమందయ్య భయపడి కుట్టిన బొంత

భయమంత మంచి గుణం లోకంలో మరొకటి లేదు. ధైర్యంగా పని మొదలుపెట్టి, చప్పుడు కాకుండా పూర్తిచేసి, పేరు తెచ్చుకున్న మనిషిని ఒక్కణ్ణి చూపించండి! దొరకడు. మొదలుపెట్టడానికి వణికిపోయి, ఆ వణుకు ఊరంతటికీ చెప్పుకుని, చివరికి ఎలాగో పని అయిందనిపించినవాడికే శాలువా.

నమ్మకం కుదరకపోతే వినుకొండ దగ్గరి రైతు యలమందయ్య సంగతి వినండి.

యలమందయ్యకి యాభై తొమ్మిదేళ్ళు. నాలుగెకరాల పత్తి, రెండెకరాల మిరప. మూతికి గుడ్డయినా కట్టుకోకుండా పురుగుమందు కొడతాడు. మోటారుకి కరెంటు వస్తోందో లేదో వేలు పెట్టి చూస్తాడు. అంతటి మనిషిని ఒక సూది వారాల తరబడి మూల కూర్చోబెట్టింది!

మిరప కల్లంలో పరిచిన టార్పాలిన్ పట్టా మీద కాలు జారి ఆయన భార్య వెంకటరావమ్మ పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. డాక్టరు సిమెంటు కట్టు వేసి, రెండు నెలలు ఆ చెయ్యి కదపొద్దన్నాడు. ఆవిడ చెల్లెలి కూతురు శ్రీరమ్యకి అప్పుడే తొమ్మిదో నెల వచ్చింది. పుట్టబోయే బిడ్డకి బొంత ఇస్తానని వెంకటరావమ్మ మాటిచ్చేసింది. మెత్తబడిన పాత చీరలు నాలుగు ఉతికి, మడతపెట్టి ఉంచింది కూడా.

"ఎవరిచేతనైనా కుట్టిద్దాంలే," అన్నాడు యలమందయ్య.

"ఎవరిచేతో ఎందుకయ్యా? నువ్వు కుట్టు. 'అదీ ఒక పనేనా, కూర్చుని చేసేదేగా' అంటావుగా."

అన్నాడు. ముప్పై ఐదేళ్ళుగా అంటూనే ఉన్నాడు. అందుకే ఇప్పుడు కాదనలేక చీరల మూట అందుకున్నాడు.

మర్నాడు చీరలు ముందేసుకుని కూర్చున్నాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ కత్తిరించాలి? వంకర పోతే? పత్తి గింజ మొలవకపోతే ఆ పాదులో ఇంకోటి పెట్టొచ్చు. తెగిన చీర మళ్ళీ మొలుస్తుందా? కత్తెర కింద పెట్టేసి కాఫీ అడిగాడు. చెయ్యి విరిగినావిడ ఎడంచేత్తో కలిపి తెచ్చి ఇచ్చింది.

భయం గొప్పతనం ఇక్కడే గమనించండి! అదే లేకపోతే ఆ పూటే ఏదో ఒకటి కుట్టిపారేసి పొలానికి పోయేవాడు. భయం ఉండబట్టి ఎంత విజ్ఞానం సంపాదించాడు! ఫోన్లో బొంతల వీడియోలు వరసపెట్టి చూశాడు. జపాన్ వాళ్ళు ఎలా కుడతారో తెలుసుకున్నాడు, ఇంగ్లండు వాళ్ళు ఎలా కుడతారో తెలుసుకున్నాడు. గుంటూరు బస్సెక్కి కొత్త కళ్ళజోడు చేయించుకున్నాడు. వస్తూ వస్తూ రెండు రకాల కత్తెరలు, కొలత టేపు, వేలికి తొడిగే ఇత్తడి టోపీ కొనుక్కొచ్చాడు.

టీకొట్టు దగ్గర వారంపాటు ఇదే టాపిక్. మొదటి బొంతకి ఎన్ని పొరలుండాలి? దారం తెల్లదా, రంగుదా? సలహా ఇవ్వని మగాడు లేడు. వాళ్ళలో సొంత చొక్కాకి గుండీ కుట్టుకున్నవాడు కూడా లేడు! చర్చ అంత నిష్పక్షపాతంగా సాగింది.

ఈలోగా శ్రీరమ్యకి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల అన్నారు. యలమందయ్యకి అన్నం సయించలేదు. చీరల మూట కంటబడితే ముఖం తిప్పుకునేవాడు. నిజానికి ఆయన భయం వంకర కుట్టు గురించి కాదు. వెంకటరావమ్మ చూస్తుండగా చేతకానివాడిగా తేలిపోవడం గురించి. తనకి చేతకాని సంగతి ఆవిడకి ఇంకా తెలియదని పాపం ఆయన నమ్మకం!

బారసాల పది రోజులుందనగా పరుపులు కుట్టే బుడాన్ అటుగా వెళుతూ వాకిట్లో ఆగాడు.

"ఏం యలమందయ్యా, సూదికి దణ్ణం పెడుతున్నావా?"

"నావల్ల కాదు మామా. పుట్టి బుద్ధెరిగి సూది పట్టింది లేదు."

"అబద్ధాలాడకు. ఏటా మిర్చి టిక్కీలకి గోతాల మూతులు కుట్టేదెవరు? అంత దబ్బనం పట్టినవాడివి, దాని పిల్లకి భయపడతావా?"

యలమందయ్య కత్తెర అందుకున్నాడు. పరపరా కత్తిరించాడు, పొర మీద పొర పరిచాడు, మధ్యాన్నానికల్లా సగం కుట్టేశాడు. గర్వంగా తీసుకెళ్ళి భార్యకి చూపించాడు.

వెంకటరావమ్మ నవ్వీ నవ్వీ కట్టున్న చెయ్యి పట్టుకుంది.

"ఇది బిడ్డని పడుకోబెట్టడానికా, మిర్చి యార్డుకి లోడెత్తడానికా? కుట్టు సందులో పిల్ల కాలు దూరిపోతుంది. విప్పు."

విప్పాడు. ఆవిడ పక్కన కూర్చుని చెప్పింది. "బియ్యపు గింజంత కుట్టు చాలు. దారం బిగలాగకు, బట్ట ముడుచుకుపోద్ది. నడిమధ్యనుంచి అంచులకి రావాలి." వేళ్ళు పొడుచుకున్నాడు. మెడ పట్టేసింది, నడుము పట్టేసింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. రోజంతా కూర్చుంటే మూరెడు పని తెమలడం లేదు.

నాలుగోనాడు తల ఎత్తకుండా అడిగాడు. "ఇట్లాంటివి ఎన్ని కుట్టావే నువ్వు?"

"ఎవరు లెక్కపెట్టారు? మీవైపు, మావైపు పుట్టిన ప్రతి బిడ్డకీ ఒకటి. నువ్వు కప్పుకునేది కూడా నేను కుట్టిందే."

"ఎప్పుడు కుట్టావు? నేను చూళ్ళేదే!"

"నువ్వు టీవీ చూస్తున్నప్పుడు."

యలమందయ్య బియ్యపు గింజంత కుట్టు ఇంకొకటి వేశాడు.

బారసాలకి ముందురోజు బొంత పూర్తయింది. ఒక మూల కాస్త వంకర. ఫర్వాలేదంది వెంకటరావమ్మ, పిల్లకి తెలియదులే అంది.

బారసాలలో పిల్లని చూసినవాళ్ళు తక్కువ, బొంతని చూసినవాళ్ళు ఎక్కువ! "మగాడు కుట్టాడంట!" అని పందిరంతా గోల. సెల్ఫీలు దిగారు. హెడ్‌మాస్టరు ప్రసన్నకుమార్ శాలువా తెప్పించారు. లోకల్ ఛానల్ లక్ష్మీకాంత్ మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కెమెరా సర్దుకుంటూ, "అమ్మా, మీరు కొంచెం పక్కకి జరగండి. మీ కట్టు ఫ్రేములోకి వస్తోంది," అన్నాడు. వెంకటరావమ్మ జరిగింది.

యలమందయ్యకి అది గుచ్చుకుంది. మైకు లాక్కుని, "ఇందులో నా గొప్ప ఏం లేదండీ! మా ఆవిడ ఇట్లాంటివి ముప్పయ్యో నలభయ్యో కుట్టింది. ఇదీ ఆవిడ చెబితే కుట్టిందే. శాలువా ఆవిడకి కప్పండి," అన్నాడు.

"చూశారా వినయం!" అన్నాడు లక్ష్మీకాంత్. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మలారా, మీ పొరపాటు ఎక్కడుందో తెలిసిందా? మీరు భయపడకుండా కుట్టారు. మొదటి బొంతకి మూడు వారాలు మంచం పట్టి ఉంటే మీకూ ఒక మైకు వచ్చేది. ఏ గడబిడా లేకుండా చేసేస్తే దాన్ని పని అనుకునేదెవరు?

మర్నాడు పొద్దున ఛానల్ వాళ్ళ ఐటెమ్ ఫోన్లోకి వచ్చింది. 'సూదిని జయించిన అన్నదాత' అని నాలుగు నిమిషాలు. చివర్లో కింద చిన్న అక్షరాలు పరిగెత్తాయి: 'భార్య వెంకటలక్ష్మి ప్రోత్సాహంతో.'

"నీ పేరు కూడా తప్పే వేశాడు!" అని యలమందయ్య చిందులు తొక్కాడు.

వెంకటరావమ్మ ఫోను పక్కన పెట్టి, ఎడంచేత్తో ఇంకో చీరల మూట ఆయన ముందుకు తోసింది.

"మీ చెల్లెలి కోడలికి ఐదో నెల. ఈసారి చడీచప్పుడు లేకుండా కుట్టు. భయపడ్డావంటే మళ్ళీ శాలువా కప్పుతారు, దాన్ని ఉతికేదీ నేనే."