మాలీనా నిద్ర లేచే రోజు

ఆ శుక్రవారం ఉదయం ఓరెస్ట్ బాబియాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి. వంటింటి బల్ల మీద ఉతికిన గుడ్డ పరవాలి. వరండాలోని పాత ఫ్రిజ్ తెరిచి, చలికాలమంతా అందులో నిద్రపోయిన మాలీనాను బయటికి తీసి మెల్లగా వెచ్చబరచాలి. మధ్యాహ్నానికి భార్య సిగ్రున్ వస్తుంది, కాఫీ పెట్టాలి. వచ్చాక ఆమెతో ఏం మాట్లాడాలన్నది మాత్రం పథకంలో లేదు. అలాంటివి ఆలోచించుకునే అలవాటే ఉంటే ఆమె ఇల్లు విడిచి వెళ్ళేదే కాదు.

మాలీనా పాము. పక్కల్లో ఎర్ర మచ్చలు, నడివీపున పసుపు గీత ఉన్న, మనిషికి హాని చేయని గార్టర్ పాము. కెనడాలోని మానిటోబాలో సరస్సు పక్కనున్న ఆ ఊళ్ళలో గార్టర్ పాము కనబడితే ఎవరూ కర్ర వెతుక్కోరు. మంచు కరగగానే సున్నపురాతి గుంటల్లోంచి అవి వేల కొద్దీ పైకి పాకి వస్తుంటే, పిల్లల్ని భుజానికెత్తుకుని చూడబోయే జనం వాళ్ళు. ఇంట్లో పెంచుకునేవాళ్ళు పాటించాల్సిందల్లా ఒకటే. చలికాలంలో దానికి చలి చూపించాలి. చల్లగా పడుకుని లేచిన పాముకే వసంతంలో తోడు మీదికి మనసు పోతుంది. అందుకని తడి నాచు పరిచిన డబ్బాలో పెట్టి, మూతకు చిల్లులు పొడిచి, ఫ్రిజ్‌లో ఉంచుతారు. డబ్బా అంటే తెల్లటి పెద్ద ఐస్‌క్రీం డబ్బా. ఖాళీ ఐస్‌క్రీం డబ్బాను పారేసే మనిషి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పులుసు, మేకులు, పూలవిత్తనాలు, పక్కింటికి పంపే వంటకం, అన్నీ అందులోనే.

ఒకప్పుడు ఆ ఇంట్లో జత పాములుండేవి. ఆడది మాలీనా, మగది ఆఫీ. ఏడాదిన్నర కిందట సిగ్రున్ వెళ్ళిపోతూ సామాన్లు పంచుకున్నప్పుడు ఇద్దరి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు. పాముల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. చివరికి ఆమె ఆఫీని దిండు గలీబులో వేసుకుని ముడి వేసింది. "ఈ పాములతో చెప్పుకునే కబుర్లలో సగం నాతో చెప్పుంటే నేనిక్కడే ఉండేదాన్ని" అని కారెక్కింది. వెళ్ళింది పక్క ఊరికే. ఓరెస్ట్ పని రోడ్ల మీద మంచు తోసే బండి నడపడం. తన ఊరి హద్దు దాకా మంచు తోసి, అక్కడ బండి ఆపి, ఆమె ఇంటి పొగగొట్టం కనబడుతుందేమోనని కాసేపు చూసి వెనక్కి తిప్పేవాడు. ఆ హద్దు దగ్గర రోడ్డు అద్దంలా ఉంటుందని ఊళ్ళో పేరు.

ఇన్నాళ్ళకు ధైర్యం తెచ్చుకుని మొన్న ఫోన్ చేశాడు. "మాలీనా లేచే వేళయింది. ఆఫీని తీసుకొస్తావా? జత కలుపుదాం" అన్నాడు. అటునుంచి కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. తరవాత "సరే, వస్తాను" అంది సిగ్రున్. పాముల పిల్లల మీద ఓరెస్ట్‌కు ప్రేమ లేకపోలేదు. కానీ అతనికి కావలసింది ఆ బల్ల దగ్గర, తన ఎదురుగా, ఆమె కూర్చోవడం.

గడ్డం గీసుకుంటుండగా వరండాలో అక్క స్టెఫ్కా గొంతు వినబడింది.

"ఒరే, నా డబ్బా పట్టుకుపోతున్నా!"

సబ్బు నురగలోంచి ఓరెస్ట్ "ఊఁ" అన్నాడు. అతని జీవితంలో చాలా ఉపద్రవాలు ఈ ఊఁతోనే మొదలయ్యాయి.

ఆ రోజు చర్చి హాల్లో, ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో పెట్టే మాంసం లేని భోజనాలు. మూడు ఊళ్ళ జనం వస్తారు, వచ్చిన డబ్బుతో చర్చి పైకప్పు వేయిస్తారు. వంటకు పెత్తనం స్టెఫ్కాది. తన ఫ్రిజ్ నిండిపోయిందని హోలుబ్చీల డబ్బా ఒకటి, అంటే అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు, తమ్ముడి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళింది. ఓరెస్ట్ ముఖం తుడుచుకుని వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. రెండు డబ్బాలుండాల్సిన చోట ఒక్కటే ఉంది. మూత తీశాడు. హోలుబ్చీలు వరసగా, బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

ఓరెస్ట్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. స్టెఫ్కాకు పామంటే చచ్చేంత భయం. పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే అయినా, ఆ భయం మాత్రం ఎక్కణ్ణుంచో తెచ్చుకుంది. తను చెయ్యి పెట్టిన ఫ్రిజ్‌లో పాము పడుకుని ఉందని తెలిస్తే ఫ్రిజ్‌తో పాటు తమ్ముణ్ణీ వీధిలో పారేసే మనిషి.

అతను వెళ్ళేసరికి హాలు వంటగది కిటకిటలాడుతోంది. బల్లల మీద, బల్లల కింద, కిటికీల్లో, ఎక్కడ చూసినా తెల్ల డబ్బాలే. పాము అన్న మాట నోట్లోంచి వచ్చిందా, భోజనాలూ పోతాయి, పైకప్పూ పోతుంది. పోనీ చిల్లుల మూత కోసం అడుగుదామంటే, చిల్లులెందుకని అక్క అడుగుతుంది. అక్కతో అబద్ధమాడి నెగ్గినవాడు వాళ్ళ వంశంలో లేడు. అందుకని నోరు మూసుకుని, ఒక్కొక్క మూతా ఎత్తి చూడటం మొదలుపెట్టాడు.

"ఏం వెతుకుతున్నావురా?" అంది స్టెఫ్కా, చేతుల నిండా పిండితో.

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే మూతలెందుకు తీస్తున్నావు?"

"ఊరికే. లోపలేముందోనని."

వంటగదిలో చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మూలన కూర్చుని బంగాళాదుంపలు చిదుపుతున్న ముసలి పెట్రూన్యా మొదట తేరుకుంది.

"అయ్యో నా తండ్రీ! ఇంట్లో వండిపెట్టే దిక్కు లేక డబ్బాలు వాసన చూసుకుంటున్నాడమ్మా!"

"అదేం లేదు పిన్నీ."

"ఉండు, ఉండు. ఆకలికి సిగ్గేమిటి నాయనా? ఇదిగో, ఇది పట్టు."

ఓరెస్ట్ ఆ డబ్బా చేతిలో ఎత్తి చూశాడు. పాము, నాచు కలిపి అంత బరువుండవు. "ఇది కాదు పిన్నీ, కొంచెం తేలిగ్గా ఉండేది..." అన్నాడు.

"విన్నారా? తేలికైనది కావాలట! పొట్ట మాడ్చుకుని మాడ్చుకుని అరుగుదల కూడా పోయినట్టుంది" అంది పెట్రూన్యా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ఇంకో ఇద్దరు ఏడ్చారు. ఎవరికి వాళ్ళు ఒక్కో డబ్బా తెచ్చి అతని ట్రక్కులో పెట్టసాగారు. వద్దంటే మొహమాటమనుకున్నారు. పైగా గట్టిగా వద్దనడానికి అతనికీ మనసు రాలేదు, వాటిలో ఒకటి మాలీనాది కావచ్చు కదా. స్టెఫ్కా మాత్రం తమ్ముణ్ణి ఒకసారి చూసి, తల తిప్పుకుని ముక్కు చీదింది.

ఓరెస్ట్ ట్రక్కును ఊరి చివర ఆపి, మంచు గట్టు పక్కన నిలబడి డబ్బాలన్నీ తెరిచాడు. బంగాళాదుంప కూరిన కుడుముల్లాంటి పెరోగీలు, ఎర్ర దుంపల పులుసు, పుల్ల క్యాబేజీ, ఎండు పళ్ళ పాయసం. మాలీనా లేదు. ఎక్కడో వెచ్చని పొయ్యి పక్కన మెలకువ వచ్చి, చుట్టూ చూసి, తనకోసం వెతుక్కుంటోందేమో. ఇంకో గంటలో సిగ్రున్ వస్తుంది. ఆమె తీసుకెళ్ళిన పామును ఆమె కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోంది. తన వాటాకు వచ్చినదాన్ని తను విందుకు పంపాడు. ఈ మాట ఆమెకెలా చెప్పాలి? అసలు ఏ మాటైనా ఆమెకెలా చెప్పాలి?

ఈలోగా కబురు అతనికంటే ముందు పక్క ఊరు చేరింది. పెట్రూన్యా తన చెల్లెలికి ఫోన్ చేసి, ఓరెస్ట్ తిండి లేక నీరసించాడని చెప్పింది. చెల్లెలు అంగట్లో చెప్పేటప్పటికి అది హాల్లో సోలిపోయాడని అయింది. అంగడామె సిగ్రున్ తలుపు తట్టేసరికి ఆ కబురులో ఓరెస్ట్ పడిపోయి ఉన్నాడు, చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, ఫాదర్ గారు ప్రార్థన చదువుతున్నారు.

ఇల్లు చేరేసరికి వరండా మెట్ల మీద సిగ్రున్ నిలబడి ఉంది. ఒక చేతిలో ముడి వేసిన దిండు గలీబు, లోపల చుట్ట చుట్టుకున్నదేదో ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన ఇంకో మూట. ఓరెస్ట్ ఆమె ముఖం తప్ప ఏమీ చూడలేదు. కాస్త చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. ఆ జుట్టు కత్తిరించుకున్న రోజున తను పక్కన లేడు.

"బతికే ఉన్నావే" అంది సిగ్రున్.

"ఉన్నాను. ఏం?"

"హాల్లో పడిపోయావన్నారు. పరుగెత్తుకుని అక్కడికి పోయాను." ఆమె ట్రక్కు వైపు చూసింది. "ఇవన్నీ నువ్వు తింటావా?"

"నేనడగలేదు. వాళ్ళే పెట్టారు."

"నువ్వేదీ అడగవు. అదే కదా నీ రోగం. పద లోపలికి."

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఎదురెదురుగా, సరిగ్గా అతను కోరుకున్నట్టే. గలీబు బల్ల మీద పెట్టింది. ఓరెస్ట్ దానివైపు దొంగలా చూశాడు. ఇప్పుడు ముడి విప్పుతుంది, ఆఫీ బయటికి వస్తాడు, మాలీనా ఏదని అడుగుతుంది.

"సిగ్రున్, నీకొకటి చెప్పాలి."

"ముందు తిను. చెప్పడం తరవాత." ఆమె రెండో మూటకున్న గుడ్డ విప్పింది. "మీ అక్క ఇచ్చింది. మూతకు చిల్లులు పడ్డాయట, వచ్చినవాళ్ళ ముందు పెట్టడానికి బాగోదని కోట్లు తగిలించే చోట దాచిందట. నీ చేత్తో వాడికి తినిపించు తల్లీ, నీ చేత్తోనైతే తింటాడు అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది."

మూత తీసింది. కారు వెచ్చదనానికి నిద్ర లేచిన మాలీనా నాచులోంచి తల ఎత్తి, నాలుక ఆడించి, ఇద్దర్నీ చూసింది.

ఓరెస్ట్ రెండు చేతులతో దాన్ని ఎత్తుకున్నాడు. "నా తల్లీ, ఎక్కడెక్కడికి పోయావే, నీకోసం ఊళ్ళో డబ్బాలన్నీ తెరిచాను కదే" అని మొదలుపెట్టాడు. ఫ్రిజ్, సబ్బు నురగ, పెట్రూన్యా కన్నీళ్ళు, అన్నీ మాలీనాతోనే చెప్పాడు. ఊరి హద్దు దగ్గర బండి ఆపడం, పొగగొట్టం కోసం చూడటం, పొగ కనబడని రోజున అన్నం సయించకపోవడం కూడా చెప్పాడు. ఆ మాటలు ఎక్కడ పాము వైపు నుంచి సిగ్రున్ వైపు తిరిగాయో అతనికి తెలియలేదు. "నువ్వు లేక ఈ ఇల్లు నాకు ఏమీ బాగోలేదు" అన్నప్పుడు మాత్రం అతను చూస్తున్నది ఆమెనే.

సిగ్రున్ బల్ల గుడ్డ సవరించింది.

"సరే, ఆఫీని తియ్యి. జత కలుపుదాం" అన్నాడు ఓరెస్ట్, ముఖం తుడుచుకుంటూ.

 ఆమె గలీబు ముడి మెల్లగా విప్పి బల్ల మీద బోర్లించింది. పొడుగాటి ఉన్ని మేజోళ్ళు రెండు, ఒకదాన్నొకటి చుట్టుకుని, బయటపడ్డాయి.

"ఆఫీ పోయాడు" అంది. "తొలి మంచు పడ్డ వారంలోనే. పెద్దవాడైపోయాడు కదా."

"మరి ఫోన్‌లో చెప్పలేదేం?"

"చెప్తే, అయితే వద్దులే అంటావని."

ఓరెస్ట్ మేజోళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. అవి అతని కొలతకే అల్లినవి. అలవాటుగా "ఊఁ" అన్నాడు. సిగ్రున్ కళ్ళెర్రజేసేసరికి, తడబడి, "చాలా బాగున్నాయి, వెచ్చగా ఉన్నాయి, కాఫీ పెడతాను, వెళ్ళకు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఆమె అదే గలీబుతో వచ్చింది. ఒకసారి అందులో ఆమె కాఫీ కప్పు, ఒకసారి చలి కోటు, ఒకసారి అలారం గడియారం. మే నెలలో ఒక రోజు గలీబులో దిండే వచ్చింది. దాని గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మిగతావన్నీ మాట్లాడుకున్నారు.

ఆగస్టులో ఒక ఉదయం మాలీనా గాజు గూడు నిండా పిల్లలు. గార్టర్ పాము గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పెన్సిలంత పొడుగ్గా, అగ్గిపుల్లంత సన్నంగా, ఒక్కోటీ వీపున పసుపు గీతతో, నాచంతా కదులుతోంది. ఓరెస్ట్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"మగది లేకుండా ఎలా?"

"లేకుండా కాదు, అవి ఆఫీ పిల్లలే" అంది సిగ్రున్, అద్దానికి ముఖం ఆనించి. "నేను వెళ్ళకముందువి. ఆడపాము మగదాని బీజాన్ని ఏళ్ళ తరబడి లోపల దాచుకోగలదు."

"మరి నిరుడు కనలేదేం?"

"నిరుడు సరిగా తిన్నదా?"

ఓరెస్ట్ ఆలోచించాడు. నిరుడు ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తియ్యమనలేదు.

పిల్లల్ని వేరువేరుగా ఉంచడానికి డబ్బాలు చాలక అక్కకు ఫోన్ చేశాడు. సంగతి విన్న స్టెఫ్కా తమ్ముణ్ణి తిట్టి, ఊళ్ళో దొరికిన ఐస్‌క్రీం డబ్బాలన్నీ పోగుచేసి తెచ్చి, గుమ్మానికి ఆమడ దూరంలో పడేసి పోయింది. ఆమె హోలుబ్చీలు మాత్రం అప్పటినుంచి గాజు గిన్నెల్లోనే ఉంటున్నాయి.