బాలమల్లు తగలబెట్టిన నావ

శంషాబాదులో విమానాశ్రయం తెరిచిన రెండో ఏడాది, బాలమల్లు తన నావను తగలబెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆయనకు నావ లేదు. ఆ చుట్టుపక్కల నావ తేలేటంత నీరూ లేదు. నిశ్చయం మాత్రం గట్టిది.

ఆయనకున్నవి మూడే: హైవే పక్కన రేకుల హోటలు, భార్య రేణుకమ్మ, ఆమె చేసే జొన్నరొట్టె. హోటలును నడిపేది రొట్టె. రొట్టెను నడిపేది రేణుకమ్మ. బాలమల్లు గల్లా దగ్గర కూర్చునేవాడు.

గిరాకీ అంతా క్యాబు డ్రైవర్లే. విమానాశ్రయం పార్కింగులో బండిని వరుసలో పెట్టి, తమ నంబరు వచ్చేలోగా తిని పోవాలి. సగంలో ఫోను మోగిందా, రొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టి, చుట్టచుట్టి, నములుతూ పరుగెత్తేవారు.

ఇంత సాఫీగా సాగుతున్న సంసారంలోకి ‘శిఖరం’ ఉదయభాస్కర్ ప్రవేశించాడు. వ్యాపారుల్లో విజయేచ్ఛ రగిలించడం ఆయన వృత్తి. తాను ఏ వ్యాపారంలో గెలిచాడో ఎవరూ అడగలేదు. ఫంక్షన్ హాల్లో ఆయన దగ్గర రెండు రోజుల శిక్షణ ముగించుకుని, బాలమల్లు వెలిగే కళ్లతో ఇల్లు చేరాడు.

“సార్ ఏం జెప్పిండో ఎర్కనా? వెనక్కి పోయే నావను తగలబెట్టినోడే గెలుస్తడట! గట్ల గెల్సినోళ్లను నలుగురిని స్టేజీ ఎక్కించిండు.”

“తగలబెట్టుకోని మునిగినోళ్లను ఎక్కియ్యలేదా?”

“వాళ్లెందుకొస్తరే?”

“వచ్చిండ్రు గద! కింద కుర్చీలల్ల కూసున్నది ఎవరనుకుంటున్నవ్?”

బాలమల్లు జాలిగా నవ్వాడు. సందేహించేవారితో వాదించరాదని కూడా శిక్షణలో చెప్పారు. ప్రశ్నకు నిలవని మాటలకు అటువంటి కంచె అవసరమే.

మరునాడు రేణుకమ్మ కందుకూరులో పెండ్లికి వెళ్లగానే, ఆయన నావ కోసం ఇల్లంతా వెదికి, రొట్టెల పెనమే ఆ నావ అని కనిపెట్టాడు. ఇనుము తగలబడదన్న ప్రకృతి ధర్మం అడ్డు తగలడంతో, దాన్ని గగన్‌పహాడ్‌లో పాత ఇనుము కొనే కుర్మయ్యకు అప్పగించాడు. పెనం స్థానంలో బయటి నుంచి తెప్పించిన ఇరవై రకాల బఫే వెలిసింది. దానిపైన గోడంత ఫ్లెక్సీ: ‘చిన్నగా ఆలోచించడం నేరం!’

“ఏమయ్యా, నా పెనమేది?” తిరిగొచ్చిన రేణుకమ్మ అడిగింది.

“నావను తగలబెట్టిన.”

“ఒడ్డు మీద నిలబడా? జర నది దాటినంక తగలబెట్టాలె గద! మా అవ్వ ఇచ్చిన పెనమది. డ్రైవర్లు నాల్గు రోజులు వేరేకాడ తినుడు మరిగిండ్రంటే ఇగ మన దిక్కు చూస్తరా? హోటల్ మూతపడ్తది.”

“పెద్దగా ఆలోచించే!”

“ఆలోచిస్తున్న” అని ఆమె లోపలికి పోయింది. బాలమల్లు దాన్ని అంగీకారంగా లెక్కవేసుకున్నాడు.

తొలిరోజు డ్రైవరు మొగులయ్య పళ్లెం పట్టుకుని ఎనిమిదో గిన్నె దాకా వచ్చేసరికి ఫోను మోగింది.

“అన్నా, నా నంబరొచ్చింది. ఇగ ఈ సాంబారును చుట్టచుట్టుకోని పోవాల్నా?”

పళ్లెం వదిలి పరుగెత్తాడు. రెండో రోజు నలుగురు వచ్చారు. మూడో రోజు ఈగలు వచ్చాయి, వాటిలో మాత్రం విజయేచ్ఛ పుష్కలంగా ఉంది. ఆ పొద్దునే ఫ్లెక్సీ మాయమైంది. గాలికి ఎగిరిపోయి ఉంటుందని బాలమల్లు సరిపెట్టుకున్నాడు. ఓటమి అంటే ముసుగు వేసుకున్న విజయమని శిక్షణ నోటుబుక్కులో ఉంది. ఆ ముసుగు ఎప్పుడు తీస్తుందో మాత్రం రాసి లేదు.

నాలుగో రోజు వాన. మిగిలిన కూరలు తానే తిని తిని విసిగిన బాలమల్లు ముక్కుకు కాలిన జొన్నరొట్టె వాసన తగిలింది. దాన్ని పట్టుకుని నడిస్తే, హోటలు వెనకాల పంక్చరు దుకాణం పక్కన తేలాడు. మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద అవ్వ ఇచ్చిన ఆ పెనమే, దాని ముందు రేణుకమ్మ, చుట్టూ డజను మంది డ్రైవర్లు. వాళ్ల నడుమ బాసింపట్టు వేసుకుని రొట్టె తింటున్నాడు కుర్మయ్య.

“నువ్విచ్చిన పెనం అక్కకే ఇచ్చిన బాలమల్లన్నా. బదులుగా దినాం రెండు రొట్టెలు.”

బాలమల్లు తల ఎత్తాడు. నాలుగు గుంజలకు కట్టిన పందిరి కప్పు తన ఫ్లెక్సీయే.

“సార్ మాట ఉత్తదే అంటవా మరి?” అన్నాడు భార్యతో నీరసంగా.

“ఉత్తదెందుకైతదయ్యా? ఇంత వాన కొడ్తున్నది, ఒక్క చుక్కన్న కారిందా?”

డ్రైవర్లు పకపకా నవ్వారు. రేణుకమ్మ వేన్నీళ్లు కలిపిన పిండి గిన్నెను ఆయన ముందుకు తోసింది. బాలమల్లు చేతులు కడుక్కుని ముద్ద చేశాడు.

“గంత చిన్నదేందయ్యా?” అని ఆమె అట్లకాడతో కప్పువైపు చూపింది. “నేరం!”