నా ఒక్క డైలాగూ రద్దయిన శుభవేళ

మహమ్మారి వచ్చి బతుకులు తలకిందులు చేసిందని అందరూ గోల పెడుతున్నారు గానీ, అది మనకు చేసిన మేలు గురించి ఒక్కరైనా నోరు విప్పారా? విప్పరు. విప్పినా మాస్కు అడ్డం. అందుకని ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ఆ మేలు పేరు క్యాన్సిల్! వినడానికే ఎంత చల్లగా ఉంది!

మా బాబాయి కొడుకు పెళ్లే తీసుకోండి. మామూలు రోజుల్లో అయితే ఊపిరాడని సూటు బిగించుకుని వెళ్లి, దారికి అడ్డంపడి "నన్ను గుర్తుపట్టావా?" అని అడిగే చుట్టాలందరి దగ్గరా పరీక్ష తప్పి రావాలి. ఈసారి పెళ్లి ఫోన్లో చూశాం. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత నిక్కరు. ఎవరో పెద్దాయన అలవాటు కొద్దీ "గుర్తుపట్టావా?" అననే అన్నాడు. సిగ్నల్ పోయినట్టు కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చున్నాను. పాపం, ఆయనే విసుగెత్తి వెళ్లిపోయాడు.

పార్కుకు తాళం వేశారు. అంతకుముందు పొద్దున్నే నడకకు వెళ్లకపోతే బద్ధకం అనేవారు. ఇప్పుడు అదే బద్ధకాన్ని చట్టాన్ని గౌరవించడం అంటున్నారు!

మంగలి షాపు మూతపడి కత్తెర మా ఆవిడ చేతికొచ్చింది. ఫలితం గురించి ఏమీ రాయను. ఆవిడ ఈ కాలమ్ చదువుతుంది.

ఇక చెప్పాపెట్టకుండా ఊడిపడేవాళ్ల బెడద పూర్తిగా వదిలింది. ఎవరైనా వస్తారేమోనని సాయంత్రం టీ ఒక కప్పు ఎక్కువ పెట్టడం మా ఆవిడకు అలవాటు. పెట్టొద్దంటే వినదు. వచ్చేవాళ్లెలాగూ లేరు కాబట్టి ఆ ఎక్కువ కప్పు ఇప్పుడు రోజూ నాదే! ఇంతకు మించిన భోగం ఏ మహారాజుకు దక్కింది?

అన్నిటికంటే గొప్ప మేలు ఇంకోటుంది. మా ఆఫీసు వార్షికోత్సవ నాటకంలో నా వేషం రద్దయింది!

ఆ నాటకానికి ఏళ్ల తరబడి తెర లాగింది నేనే. మా డైరెక్టరు గారు పగలు ఆఫీసులో స్టోర్సు చూసుకుంటారు, సాయంత్రం మమ్మల్ని చూసుకుంటారు. "నీలా తెర లాగేవాడు లేడయ్యా" అని పొగిడి పొగిడి నన్ను స్టేజీ ఎక్కనివ్వలేదు. ఈ ఏడు ఏ కళనున్నారో, నౌకరు వేషం ఇచ్చారు. ఒకే ఒక్క డైలాగు. తలుపు దగ్గర నిలబడి "అయ్యా, మీకోసం ఎవరో వచ్చారు!" అనాలి. నన్నడిగితే నాటకమంతా దాని మీదే నిలబడింది. ఎవరో రాకపోతే కథ ముందుకెలా కదులుతుంది?

నేను దాన్ని ఆషామాషీగా తీసుకోలేదు. "అయ్యా" దగ్గర వినయం, "ఎవరో" దగ్గర అనుమానం, "వచ్చారు" దగ్గర సంతోషం. లాక్‌డౌన్ పెట్టాక కూడా, ఇవాళో రేపో ఎత్తేస్తారని ఇల్లంతా తిరుగుతూ సాధన చేశాను. నేను గొంతెత్తినప్పుడల్లా మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చేది. నటన అంత సహజంగా ఉందన్నమాట!

అంతలో డైరెక్టరు గారు ఫోన్ చేశారు.

"నాటకం ఆగదయ్యా! ఎవరిళ్లలో వాళ్లుండి వీడియో కాల్లో ఆడేద్దాం."

"నేను రెడీ సార్!"

"అదే చెబుదామని చేశా. ఎవరి డబ్బాలో వాళ్లం కదా, ఇక తలుపెక్కడిది? తలుపే లేనప్పుడు తలుపు దగ్గర మనిషెందుకు?"

"మరి ఎవరో వచ్చారని చెప్పేదెవరు సార్?"

"ఈ రోజుల్లో ఎవరొస్తారయ్యా! ఆ సీను తీసేశా."

"పోనీ, తెర?"

"తెరా లేదు."

చూశారా అదృష్టం! స్టేజీ మీద మాట మర్చిపోతానన్న బెంగ ఒక్క దెబ్బతో వదిలింది. బాధపడ్డావా అంటే, పడ్డాను. చాలా పడ్డాను. కానీ ఈ కాలమ్ మేలు గురించి కాబట్టి ఆ ముక్క ఇక్కడ పెంచను.

ఆ సాయంత్రం కసికొద్దీ హాల్లో నిలబడి, డైలాగు ఇల్లు దద్దరిల్లేలా చెప్పాను. మా ఆవిడ స్టవ్ తగ్గించి వచ్చింది. తలుపు తీసి మెట్ల వైపు తొంగి చూసింది.

"ఎన్నిసార్లు మోసపోతావు? అది నా డైలాగని తెలుసుగా" అన్నాను.

"మొదటి రోజు నుంచీ తెలుసండీ" అంది తలుపు మూయకుండానే. "ఏమో, ఒక్కసారన్నా నిజంగా ఎవరైనా ఉంటారేమోనని."

ఆ పూట ఎక్కువ కప్పు నాకు గొంతు దిగలేదు. టీ బాగానే ఉంది.

కాబట్టి పాఠక మహాశయులారా, రద్దుకు జేజేలు! ఈ గొడవంతా సద్దుమణిగాక మీరు కూడా కొన్ని రద్దు చేసుకోవాలని నా మనవి. ముందుగా ఫోన్ చేసి రావడం, తీరిగ్గా ఉన్నారా అని అడగడం, అలాంటి మర్యాదలన్నీ రద్దు చేసి, చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చేయండి. గుమ్మంలో నిలబడి దగ్గకండి, ఆ అలవాటు మాత్రం ఇంకొన్నాళ్లు రద్దులోనే ఉండనివ్వండి. కాలింగ్ బెల్ కూడా నొక్కకండి. ఊరికే నిలబడండి చాలు.

మీరొచ్చారని లోపలికి చెప్పడానికి మనిషిని నేనున్నాను.